నాకు తీపి ఇష్టమని బాపు చెప్పిన మాట

మా మనవడికి సంబంధం ఖాయమైన వారంలోపే ఆ అమ్మాయి వాడి ఫోనుకు ఇరవై ప్రశ్నలు పంపింది. ఇష్టమైన రంగేది, ఇష్టమైన కూరేది, ఎవరిని చూసి ఎదగాలనుకున్నావు అని. వీడు మంచం మీద వాలి గంటలో జవాబులు రాసి పంపి, ఆమె ఇష్టాలు కూడా నాకు చదివి వినిపించాడు. ముచ్చటేసింది, కాదనను. కానీ నన్నెవరూ ఇలాంటి ప్రశ్న ఒక్కటీ అడగలేదే అన్న పాత ఉక్రోషం కూడా లేచింది. నా ఈడు ఆడవాళ్లకు దాని సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

మాది వేల్పూరు దగ్గర పసుపు పండించే ఇల్లు. అరవైల మొదట్లో బోధన్ నుంచి నన్ను చూడడానికి వచ్చినప్పుడు, అబ్బాయికి శక్కర్ ఫ్యాక్టరీలో ఉద్యోగమనీ, ఇంటికి చెరుకు తోటలున్నాయనీ మా బాపు తెగ మురిసిపోయాడు. పిల్లకు వంట వచ్చా, కుట్టు వచ్చా అని వాళ్లు అడిగారు గానీ ఏమిష్టమని అడగలేదు. అడగని దానికి బాపే జవాబిచ్చాడు. "మా బిడ్డకు తీపంటే పానం. బెల్లం లేంది ముద్ద దిగదు."

బుద్ధెరిగాక నేను బెల్లం ముక్క నోట్లో వేసుకున్నది లేదు. చింతకాయ తొక్కుంటే రెండు పూటలా అదే నా కూర. ఆ మాట అక్కడే అంటే బాపు పరువు పోతుందని తలవంచుకుని కూర్చున్నాను.

చెరుకాడే కాలంలో బోధన్ గాలి నిండా తీపి వాసనే. ఇంట్లోకి వస్తే అత్తమ్మ నా పళ్లెంలో భక్షాలో పరమాన్నమో వడ్డించి ఉంచేది. మా ఆయన నిజామాబాద్ పోయినప్పుడల్లా జిలేబి పొట్లం తెచ్చేవాడు. తొక్కు జాడీ మాత్రం మామ పక్కకే పోయేది. నేను చేయి చాపితే, పాపం నాకు పడదని అత్తమ్మే పక్కకు జరిపేది. ఇక చుట్టాలొచ్చినప్పుడు మా ఆడబిడ్డ, "మా వదినెకు మిఠాయి దొరికితే మా అన్న గూడ యాదికి రాడు" అని అందరినీ నవ్వించేది. ఆ మాటకు అరవై ఏళ్లు. మొన్న అడిగితే తనకు గుర్తే లేదంది. నాకుంది.

నిజం చెబితే మా బాపు ఆ ఇంట్లో అబద్ధాలకోరు అవుతాడు, చెప్పకపోతే బతుకంతా నాకు పరమాన్నమే. రెండేళ్లు అలాగే మింగాను. ఒక మధ్యాహ్నం అందరూ తోటకు పోయారనుకుని, జాడీలో చేయి పెట్టి తొక్కు నాకుతుంటే వెనకే అత్తమ్మ నిలబడి ఉంది. తిడుతుందనుకుంటే ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఎన్నో నెల పిల్లా?"

"నెల లేదు, ఏం లేదత్తమ్మా. నాకు పులుపే పానం. తీపి అసలే ముట్ట. మీరు చక్కెరోళ్లని మా బాపు ఊకెనే చెప్పిండు."

అత్తమ్మ నన్నూ జాడీనీ మార్చి మార్చి చూసి, అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీ బాపు పాడుగాను! రెండేండ్ల సంది నీకోసమని బెల్లం దంచి దంచి నా చేతులు పోయినయి గదనే!" తరవాత గొంతు తగ్గించి, "నాకు కాకరకాయ పానం. మీ మామకు చేదు పడదని ఇరవయ్యేండ్ల సంది వండుతలేను. నన్ను మాత్రం ఎవరడిగిండ్రు?" అంది.

మరునాటి నుంచి మగవాళ్లు పనులకు పోయాక మాకు వేరే వంట, ఆమెకు కాకరకాయ, నాకు తొక్కు. బాపు సంగతి ఆమె చనిపోయేదాకా మూడో మనిషికి చెప్పలేదు. జిలేబీలు మాత్రం ఆగలేదు. వాటిని అత్తమ్మ చాటుగా ఆడబిడ్డకు పెట్టేది. నా వాటా తింటూనే ఆమె నన్ను వెక్కిరించేది!

ఈ కాలం పిల్లలు పెళ్లికి ముందే అడిగి తెలుసుకుంటున్నారు. మాకు ఒక మనిషి ఇష్టం తెలియాలంటే దొంగతనంగా తింటూ పట్టుబడాలి. ఇంత ఉక్రోషపడే నేను మాత్రం ఎవరిని అడిగాను? మా ఆయన ఇన్నేళ్లూ పెట్టింది తిని లేచిపోయాడు. మొన్న మొదటిసారి, నీకేది ఇష్టమని అడిగాను. ఎనభై దాటిన మనిషి పళ్లెంలో ముద్ద కలుపుకుంటూ, "గిప్పుడడిగితె ఏం జెప్తనే" అన్నాడు. అప్పట్లో అడిగి ఉంటే టక్కున చెప్పేవాడేమో. నేను మాత్రం వదలలేదు, రోజూ అడుగుతున్నాను.