పాడుగోడల మధ్య పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులకు హోటల్‌కు రమ్మన్నవాళ్ళున్నారు, గుడికి రమ్మన్నవాళ్ళున్నారు, వీడియో కాల్‌లో కానిచ్చేద్దామన్న మహానుభావుడూ ఉన్నాడు. మట్టికోటకు రమ్మన్నవాడు మాత్రం ఇతనొక్కడే. అక్క ఫోన్‌లో ఆ సంగతి చెప్పగానే పగలబడి నవ్వాను.

"నవ్వకే. రువైస్‌లో రిఫైనరీ ఉద్యోగం. అంతకు ముందు అల్జీరియాలో చేశాడంట. పాత రాళ్ళంటే కాస్త పిచ్చి, అంతే" అంది అక్క.

"రాయినే చేసుకోమను, ఖర్చు తక్కువ" అన్నాను.

అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే నా దగ్గర ఇంతకన్నా మంచి చోటు లేదు. అబుదాబీ ఆసుపత్రిలో నర్సుని. బనియాస్‌లో మరో ముగ్గురు నర్సులతో కలిసి ఉండేదాన్ని. నా గది అంటే ఒక మంచం, దాని చుట్టూ ఒక కర్టెన్. ఆ కర్టెన్ వెనక పెళ్ళివారిని ఎక్కడ కూర్చోబెట్టను? అల్ ఐన్‌లో కాపురముంటున్న అక్క మధ్యవర్తిగా దిగింది. పైకి మాత్రం అందరం కలిసి ఊరు చూడటానికి వెళ్తున్నట్టు. కుదిరితే పెళ్ళిచూపులు, కుదరకపోతే కోటలు చూసొచ్చామని చెప్పుకోవచ్చు. రెండు వైపులా పరువు దక్కుతుంది.

"ఒక్క మాట" అంది అక్క చివర్లో. "అతను అవునంటే చాలదు. తల్లి పోతే చిన్నప్పట్నుంచి వాళ్ళ పిన్ని పెంచింది. ఇతని కోసం పెళ్ళి కూడా మానుకుందంట పాపం. విజిట్ వీసా మీద వచ్చి ఇక్కడే ఉంది. ఆవిడ వద్దంటే ఖలాస్."

కరోనా సద్దుమణిగాక వచ్చిన చలికాలం అది. ఒక ఆదివారం పొద్దున్నే అక్క కారులో అల్ ఐన్ కోట దగ్గర దిగాను. అతను అప్పటికే గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు కానీ పేరు అడగలేదు, ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు.

"ఈ మట్టిలో గడ్డి కలిపారండీ, చూశారా?" అన్నాడు.

చూశాను. గడ్డి ఉంది.

వాళ్ళ పిన్ని అలా కాదు. జరీచీర, కాళ్ళకు తెల్లటి స్పోర్ట్స్ బూట్లు, తలలో మల్లెపూలు. సంతలో వంకాయలు ఏరుతున్నంత శ్రద్ధగా నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నైట్ డ్యూటీలు ఉంటాయా అమ్మాయ్?" అనడిగారు. ఉంటాయన్నాను. ఆవిడ "ఊఁ" అన్నారు. ఆ ఊఁ పాస్ మార్కో ఫెయిల్ మార్కో తేలక కోట మొత్తం తిరిగాను.

అతను మాత్రం ప్రతి మలుపు దగ్గరా ఫోన్ తీసి అల్జీరియా చూపించాడు. కప్పు లేని రోమన్ వీధులు, వరసగా విరిగిన స్తంభాలు, ఎడారి మధ్యలో ఖర్జూరతోట, మట్టిరంగు ఇళ్ళ పాత ఊరు. ఫోటోలు బాగున్నాయి. ఒక్కదానిలోనూ మనిషి లేడు.

"మీరు ఏ ఊరికైనా జనం ఖాళీ చేశాకే వెళ్తారాండీ?" అనడిగాను.

"ఆయ్" అన్నాడు సీరియస్‌గా. "మనుషులైతే మధ్యలో కదిలిపోతారండి."

నేను నవ్వాపుకుంటుంటే అతని పెదవి చివర కూడా కదిలింది. అప్పటిదాకా అతనికి హాస్యం తెలియదనుకున్నాను. తెలుసు, కాకపోతే దాన్నీ పాత నాణెంలా ఎక్కడో పాతిపెట్టుకున్నాడు.

తర్వాత హీలీ పార్కుకు వెళ్ళాం. బావ నుంచి ఫోన్ రావడంతో అక్క కారు దగ్గరే ఉండిపోయింది. పార్కు మధ్యలో గుండ్రటి రాతి కట్టడం ఉంది. చిన్న ద్వారం, దాని దగ్గర చెక్కిన పొడుగు కొమ్ముల జంతువు, ఇద్దరు మనుషుల బొమ్మలు. పిన్నిగారు దూరం నుంచే చూసి, బూట్లు విప్పి ఒక పక్కన పెట్టేసి, మా ముందు చకచకా నడిచి వెళ్ళిపోయారు. మేమిద్దరం బోర్డు చదువుతూ నిలబడ్డాం. వేల ఏళ్ళ నాటి సమాధి అది. ఎంతోమందిని కలిపి అందులోనే పెట్టారట.

తలెత్తి చూస్తే పిన్నిగారు చేతులు జోడించి ప్రదక్షిణ చేస్తున్నారు.

"పిన్నిగా..." అని నేను పిలవబోయాను. అతను పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది, భుజాలు ఊగుతున్నాయి. నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. రెండో చుట్టు అయింది. మూడో చుట్టూ అయింది. ఆవిడ ద్వారం ముందు ఆగి, బొమ్మలకు దణ్ణం పెట్టి, చెంపలు వేసుకుని, తల్లోంచి ఒక మల్లెపువ్వు తీసి గడప మీద పెట్టారు. మేమిద్దరం ఒకరినొకరం చూసుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే నాకు ఈ సంబంధం కుదరాలని గట్టిగా అనిపించింది. పొద్దున్న లేని ఆశ అది, అందుకే భయం కూడా వేసింది.

మధ్యాహ్నం ఖర్జూరతోటలో నీడ చూసుకుని కూర్చున్నాం. పక్కన సన్నటి కాలువ. అక్క పులిహోర వడ్డించింది. పిన్నిగారు మంచి హుషారుగా ఉన్నారు.

"అమ్మాయి నాకు నచ్చిందమ్మా" అన్నారు అక్కతో, నేను వినాలనే కాస్త గట్టిగా. "ఆ గుళ్ళో మూడు చుట్లు తిరిగి అడిగాను. మనసు చల్లగా అయిపోయింది. మంచి మహిమ గల చోటు."

"గుడా?" అంది అక్క గరిటె పట్టుకుని. "ఇక్కడ గుడెక్కడుందండీ? ఆ పార్కులోనిదా? అది సమాధి కదా!"

పిన్నిగారి ముద్ద నోటి దగ్గర ఆగింది. నెమ్మదిగా విస్తట్లో పెట్టేసి లేచారు. "నన్నెవరూ ముట్టుకోకండి" అంటూ నేరుగా కాలువ వైపు నడిచారు. కొంగు బిగించి కాలు దించబోతుంటే తోట కాపలాదారు చేతులు ఊపుతూ "మమ్నూ! మమ్నూ!" అని పరుగెత్తుకొచ్చాడు. అరబ్బీ రాకపోయినా కూడదన్న సంగతి ఆవిడకు అర్థమైంది. వెళ్ళి దూరంగా మట్టిగోడ మీద ఒక్కరే కూర్చున్నారు.

"వేల ఏళ్ళ నాటి వాళ్ళు పిన్నీ, మైల ఎప్పుడో తీరిపోయుంటుంది" అన్నాడు అతను.

"నోర్ముయ్యి. అది సమాధని నీకు తెలుసా, తెలీదా?"

అతను నా వైపు చూశాడు. ఆ చూపే కొంప ముంచింది.

"అదిగో! అక్కడ కూడా ఇలాగే చూసుకున్నారు. నేను చూడలేదనుకున్నారా? ఏదో ముచ్చట పడుతున్నారులే అనుకున్నాను." ఆవిడ అతని వైపు తిరిగారు. "నీకు మంచి జరగాలని దణ్ణాలెట్టుకుంటా నేను ఒక్కదాన్నే తిరుగుతుంటే, మీరిద్దరూ ఒకటైపోయి నన్ను చూసి నవ్వుకున్నారన్నమాట. ముడి పడకముందే ఇలాగుంటే, రేపు మీ ఇంట్లో నేనెక్కడ కూర్చోవాల్రా?"

నా నవ్వంతా ఆరిపోయింది. ఆవిడ బాధ మైల గురించి కాదు. ఉన్న ఒక్క మనిషినీ నేను ఒక చూపుతో లాక్కుంటానని ఆవిడ భయం. ఆ భయం తప్పని నేను ఎలా అనగలను? పొద్దున్నుంచి నేను చేసిన పని అదే కదా.

కరోనా నెలల్లో వార్డులో మంచం పట్టినవాళ్ళంతా ఒక్కటే అడిగేవారు, కాసేపు చెయ్యి పట్టుకోమని. ముట్టుకోవద్దని రూలు. గ్లవ్స్ మీద గ్లవ్స్ వేసుకుని పట్టుకునేదాన్ని. పిన్నిగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్న తీరు చూస్తే ఆ మంచాలే గుర్తొచ్చాయి. మాటలతో అయ్యే పని కాదనిపించింది. లేచి వెళ్ళి ఆవిడ పక్కనే, భుజం తగిలేలా కూర్చుని, రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అయ్యో, ముట్టుకోవద్దన్నానా! నీకూ అంటుకుంది!"

"అంటుకోనివ్వండి" అన్నాను. "ఇప్పుడు మనిద్దరం ఒక జట్టు. అక్కా వాళ్ళింట్లో బాత్‌రూమ్ ఒక్కటే. ముందు మీరు స్నానం చేస్తారా, నేను చెయ్యనా?"

ఆవిడ చెయ్యి లాక్కోబోయారు. నేను వదల్లేదు. కాసేపు నా మొహంలోకి చూశారు. పొద్దుటి వంకాయల చూపు కాదది.

"పెద్దదాన్ని, ముందు నేనే" అన్నారు చివరికి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నీ తలమీద నీళ్ళు నేనే పోస్తాను. మీకు పద్ధతులు తెలీవు. ఇంతకీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేంటే? వేళకి తింటావా, లేదా?"

ఇదంతా చూస్తూ అవతల ఒంటరిగా నిలబడ్డ అతను, తనను మర్చిపోయామన్న బెంగతో కాబోలు, నెమ్మదిగా మా దగ్గరకొచ్చి నా వైపు చెయ్యి చాచాడు. "నాకూ అంటించండి, నేనూ మీ జట్టులో చేరతాను" అన్నాడు.

పిన్నిగారు ఆ చేతి మీద ఫెళ్ళున ఒక్కటి వేశారు.

"నువ్వాగరా! ఈ అమ్మాయి చెయ్యి నువ్వు పట్టుకోవాలంటే ముందు ముహూర్తం పెట్టించాలి."