చిల్లగింజ నీళ్లు

ఈ ఫొటోలో ఉన్నది చిల్లగింజ. అక్క గదిని నేను సర్దుతుంటే కంటబడింది. నా ఈడు వాళ్లకు గుర్తుందా? గోదావరి వరదలకు కాలువ పక్కనున్న మా నూతిలో ఎర్రనీళ్లు ఊరితే, అమ్మ ఈ గింజను రాతిమీద అరగదీసి బిందెలో కలిపేది. తెల్లారేసరికి మట్టి అడుగుకు దిగిపోయేది. ఆ తేట నీళ్ల మొదటి గ్లాసు కోసం నేనూ అక్కా జుట్లు పట్టుకునేవాళ్లం.

పోయిన వారం మంచాన ఉన్న అక్క, "మన నూతి నీళ్లు ఒక్క గుక్క పొయ్యవే" అంది. ఎండలు ముదిరాయి, వానలు అదను తప్పాయి, కాలువకు నీరు రావడం లేదు. సముద్రం ముందుకొస్తోంది. చుట్టూ రొయ్యల చెరువులు. నుయ్యి ఉప్పెక్కిపోయింది. మట్టిని దించిన గింజ ఉప్పును దించదా అనుకుని అరగదీశాను. నీళ్లు అద్దంలా తేరాయి.

అక్క ఒక్క గుక్క తాగి ఉమ్మేసింది. "చచ్చేదాని నోట్లో సముద్రం పోస్తావేంటే?"

మర్నాడు ఆఖరి తులసినీళ్లు పొయ్యబోతే పళ్లు గట్టిగా బిగించేసింది. "ఇవి కొన్న టిన్ను నీళ్లే అక్కా, తియ్యగా ఉంటాయి" అని చెబుతూనే ఉన్నాను.

నమ్మలేదు. గొంతు తడవకుండానే పోయింది.