డబ్బా కూడా సమ్మె చేసింది

మహబూబాబాద్ దగ్గరి ఒక తండాలో భూకంపాలను కనిపెట్టే యంత్రం ఉండేది. జనగామ నుంచి భూపాలపల్లి దాకా అలాంటివి కొన్ని చోట్ల పెట్టారు. వాటన్నిటినీ చూసుకునే కాంట్రాక్టు మెకానిక్‌ను నేను. రాతి నేలలో తవ్విన గుంటలో యంత్రం, పైన చిన్న గది, గది మీద సోలార్ పలక, గొడుగులాంటి యాంటెనా. నేల ఎంత చిన్నగా అదిరినా ఆ అదురు ఉపగ్రహం మీదుగా క్షణాల్లో హైదరాబాదు ఆఫీసుకు చేరేది. ఆ దారి తెగిపోకుండా చూడడమే నా ఉద్యోగం. చేరినదాన్ని అక్కడ ఏం చేస్తారో నాకు చెప్పినవాళ్లు లేరు.

గది తాళం పక్కింటి అవ్వ దగ్గర ఉండేది. లంబాడా అవ్వ. ఇంట్లో వాళ్ల భాష, నాతో తెలుగు. యంత్రం బిగించిన రోజు పెద్దసారు ఆమెతో "భూమి కదిలితే ఇది హైదరాబాదుకు చెప్తుందమ్మా" అన్నాడట. అవ్వ ఆ మాటను దేవుడి మాటలా నమ్మింది. తండా వెనక గుట్టను ఎక్కడి నుంచో వచ్చిన కాంట్రాక్టరు క్వారీ పెట్టి పేలుస్తుండేవాడు. పేల్చినప్పుడల్లా ఆమె ఇంటి గోడ నెర్రె బాసేది. ఆమె మట్టి మెత్తుకుని వచ్చి, యంత్రం గది తలుపు మీద అరచేత్తో తట్టి "ఇన్నవా? చెప్పు, గట్టిగ చెప్పు" అనేది.

"నువ్వు చెప్పకున్నా అది వింటది అవ్వా" అని నేను నవ్వేవాణ్ని.

తెలంగాణ కోసం అందరూ పని బందు పెట్టిన రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. అప్పుడే తండా స్టేషన్ మూగబోయింది. హైదరాబాదు నుంచి ఇంజనీరు ఫోను చేశాడు.

"మీ స్టేషన్ ఒకటి చచ్చిందండీ. మీరూ సమ్మెలో ఉన్నారా ఏంటి?"

కాంట్రాక్టువాడు సమ్మె చేస్తే మర్నాడే ఇంటికి పంపుతారని ఆయనకు తెలుసు. తెలిసే ఆ వెటకారం. పళ్లు కొరుక్కుంటూ జనగామలో బండి తీశాను. కొడకండ్లలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "తిన్నంకనే పోవాలె అన్నా" అని నా బండి తాళంచెవి గుంజుకున్నారు. నడిరోడ్డు మీద బాసింపట్టు వేసుకుని పప్పన్నం తిన్నాను. ఆ రోజు మొత్తంలో నాకు కోపం లేనిది ఆ కాసేపే.

తండాకు చేరి గది తెరిస్తే బ్యాటరీ వైర్లు ఊడదీసి ఉన్నాయి. ఎలుకల పని కాదు. చక్కగా చుట్టి, గుడ్డలో మూటగట్టి, బ్యాటరీ మీదే పెట్టారు.

"ఎవలు పీకిన్రు అవ్వా?"

"నేనే కొడుకా" అన్నది, మంచిపని చేసిన మనిషిలా. "సర్కారు నౌకర్లందరు సమ్మెల ఉన్నరు. గిది సుత సర్కారు డబ్బనేనాయె. గిదొక్కటే పనిజేస్తె రేపు దీన్ని ద్రోహి అనరా? తండోళ్లందరం కూసోని అనుకున్నం, బందువెట్టినం."

నవ్వు ఆగలేదు. యంత్రం మాట పడకూడదని ఆరాటపడిన ఊరు ఇంకెక్కడుంటుంది! నవ్వుతూనే ఆమె ఇంటి వైపు చూశాను. వెనక గోడ లేదు.

వైర్లు పీకేశాక, తండా అంతా మహబూబాబాద్ సభకు పోయిన రోజు చూసి క్వారీవాడు ఎన్నడూ లేనంత పెద్దగా పేల్చాడట. అడ్డుపడే మనుషులు లేరు, అడిగే ఆఫీసుకు తాళం. అవ్వ తిరిగొచ్చేసరికి గోడ మంచం మీద పడి ఉంది. నిలదీస్తే, పాత గోడ వానకు నాని కూలిందన్నాడు. పెద్దమనుషులు సాక్ష్యం ఏదన్నారు.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "డబ్బల పాతయి ఉంటయి గద కొడుకా? ఎన్నిమార్లు అదిరిందో గవి చూపియ్యి. గోడ కట్టియ్యమను. వానల ఏడ పండాలె?"

పాతవి ఉంటాయనే నేనూ అనుకున్నాను. అక్కడి నుంచే ఇంజనీరుకు ఫోను చేసి, వైర్ల సంగతి చెప్పి, పాత రికార్డులు అడిగాను.

"క్వారీ బ్లాస్టులా? అవి ఉంచమండీ, ఎప్పటికప్పుడు తీసేస్తాం. మనకు కావలసింది భూకంపాలు. అదంతా నాయిస్."

"ఆ నాయిస్‌కు ఇక్కడ ఇల్లు కూలింది సార్."

"ఆ రోజు రికార్డు ఉంటే ఏమైనా ఆలోచించేవాళ్లం. మీవాళ్లే వైరు పీకేశారు కదా. మేమేం చేస్తాం?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్నవన్నీ పారేసిన మనిషి, లేని ఒక్కదాని మీదికి తప్పు నెడుతున్నాడు. ఆ రోజు వైరు ఉన్నా ఆ పేలుడును చెరిపేసేది ఆయనే. అదే అరిచాను. ఫోను పెట్టేశాడు. పాములు తిరిగే గుంటలోకి దిగి, వైరు తెగిన ప్రతిసారీ అతికించి, ఇంతకాలం నేను పంపిందంతా చెవిటివాడి ముందు ఊదిన శంఖమేనన్న మాట. చెవిటివాడైనా నయం. వీళ్లు విని మరీ పారేస్తారు.

నా అరుపులకు అవ్వ బెదిరిపోయింది. "నాదే తప్పు కొడుకా. నేను పీకకుంటె సాక్ష్యం ఉంటుండె. నీ నౌకరి పోదు గద?"

ఆ తప్పు ఆమె నెత్తిన వేసుకోవడం నేను సహించలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. "నువ్వు పీకకున్నా గంతే అవ్వా. భూమి దానంతటది కదిలితేనె ఆళ్లకు లెక్క. మనిషి కదిలిస్తె లెక్కలకు రాదు."

అవ్వ "తెలంగాణ అస్తె గివి సుత లెక్కవెడ్తరా?" అని అడిగింది.

"పెడ్తరు అవ్వా" అన్నాను. ఊరడించడానికి కాదు, నమ్మే అన్నాను. వైర్ల మూటను ముట్టుకోకుండా గదికి తాళం వేసి వచ్చేశాను. సమ్మె ముగిసేదాకా ఆ స్టేషన్ ఒక్క అదురునూ పంపలేదు. ఫోన్లో ఎన్ని తిట్లు పడ్డా నేను కదల్లేదు.

తెలంగాణ వచ్చింది. ఆఫీసులో పేలుళ్లను చెరిపేయడం మాత్రం ఆగలేదు. మళ్లీ తండాకు పోయినప్పుడు అవ్వ ఇంటి వెనక గోడ లేదు, తడకలే ఉన్నాయి. అవ్వ గుట్ట వైపు చెయ్యి చూపించింది.

"గిప్పుడొచ్చిన కొత్త క్వారాయన మనోడే కొడుకా. గందుకే ఇంక జర దగ్గరికొచ్చి పేలుస్తుండు."