తట్ట మోసినవాళ్ల బొమ్మ

కామాఠిపురలో వలస తెలుగువాళ్ల ఇరుకు గదుల చాల్‌లో ఉండే గంగారాం నలభై ఏళ్లు రాజులనే గీశాడు. పట్టాభిషేకాలు, కోటల ముట్టడులు, గుర్రాల మీద వీరులు. ఉత్సవ మండళ్లకు వేదిక వెనక కట్టడానికి ఏటా కొత్త బొమ్మల తెర కావాలి. చాల్‌లో ఎవరైనా పోతే పాత ఫోటో చూసి వాళ్ల ముఖం గీసిచ్చేవాడు. ఫ్లెక్సులొచ్చాక అందరూ మొహం చాటేశారు.

అరవై దాటాక ఓ రోజు చాల్ సంఘం అధ్యక్షుడు శంకర్రావు వచ్చి, "మన పెద్దలు ఈ ఊరు కట్టిన బొమ్మ గియ్యి, సంఘం హాల్ల పెడ్దం" అన్నాడు. గంగారాంకు ప్రాణం లేచొచ్చింది.

ఫాక్‌లాండ్ రోడ్డు మీద పని కోసం నిలబడే పాలమూరు కూలీ ఎల్లమ్మను పిలిచి ఎదుట కూర్చోబెట్టుకున్నాడు. ఏడు నెలల్లో పది అడుగుల కాన్వాసు నిండింది. సముద్రం ఒడ్డున రాళ్ల తట్టలు మోసే ఆడవాళ్లు, అందరికంటే ముందు ఎల్లమ్మ.

శంకర్రావు చూసి ముఖం చిట్లించాడు. "ఇదేంది గంగారాం? అంతా కూలోళ్లే ఉన్నరు. మా తాత వీళ్లతోని పని జేయించిన ముకద్దం. కోటు, పగిడీ ఏసి ముంగట నిలవెట్టు."

"మీ తాత గూడ ముందుగాల తట్ట మోసినోడే గద, శంకర్రావ్?"

"అది అందరికీ చెప్పాల్నా?"

గంగారాం పంటి బిగువున ఒకామె బొమ్మ మీద ఆ తాతకు కోటు గీశాడు. అంతే, సంఘంలో మిగతావాళ్లూ తాతల ఫోటోలు పట్టుకొచ్చారు. నెల తిరిగేసరికి ఆడవాళ్లంతా నల్లకోట్ల కింద మునిగిపోయారు. ఎల్లమ్మ ఒక్కతే మిగిలింది.

"ఆమెను గూడ తీసెయ్, గంతే" అన్నాడు శంకర్రావు.

"నాతోని కాదు!" గంగారాం కుంచె విసిరికొట్టాడు.

సంఘంవాళ్లు ఆ బొమ్మనే ఫోటో తీసుకుని, కంప్యూటర్‌లో ఎల్లమ్మను చెరిపించి, ఫ్లెక్సు కొట్టించి హాల్లో తగిలించారు.

మర్నాడు గంగారాం రంగు కరిగించే టర్పెంటైన్‌తో కోట్లు తుడవబోయాడు. వాటితోపాటు కిందున్న ముఖాలూ ఊడొచ్చాయి. సంగతి విని వచ్చిన ఎల్లమ్మ బొమ్మలో తట్ట పట్టుకున్న తన చేతిని చూపించింది.

"ఏమనుకోకు అన్నా. తట్ట గిట్ల పట్టుకోరు. మెడ ఇరుగుతది."

"ఏడు నెలలు నా ముంగటనే కూసున్నవ్. అప్పుడే చెప్పొద్దా?"

"నువ్వడిగినవా?"

గంగారాంకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తనకే తెలియలేదు. టర్పెంటైన్‌లో పాతగుడ్డ ముంచి బొమ్మలోని ఆ చేతిని కూడా తుడిచేశాడు. మూలనున్న ప్లాస్టిక్ టబ్బు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తట్ట లెక్క ఎత్తుకో, చూస్త" అన్నాడు విసురుగా.