బోణీ కాకముందే వాపసు

మొయినాబాద్ పక్కనున్న జాతీయ ఉద్యానవనం కంచె వెంట ఆదివారాలు చెత్త ఏరే సంఘంలో నన్ను చేర్చుకున్నది అడవి మీద నా ప్రేమ చూసి కాదు. చేవెళ్లలో కిరాణా కొట్ల మధ్య పెరిగినవాణ్ని, సంచులూ చేతి తొడుగులూ బేరమాడి తెస్తానని. కొసరు కొత్తిమీర పడనిదే కూరగాయల బండి దగ్గర్నుంచి కదలను. ఊరికే వస్తుందంటే చల్లారిన టీ కూడా తాగుతాను.

ఆ ఆదివారం కంచె బయట మళ్లీ అదే కుప్ప. పెళ్లి ముహూర్తం దాటిన మర్నాడల్లా అంతే. రోడ్డవతలి ఫంక్షన్ హాలు ట్రాక్టరు ఎంగిలి ప్లేట్లూ, బిర్యానీ అంటిన కవర్లూ గుమ్మరించి పోతుంది. వాటి మీద హాలు పేరు అచ్చేసి ఉన్నా, యజమాని ‘మావి కావు’ అనేవాడు.

జాలీ అవతల ఒక చుక్కల జింక, కడుపుతో ఉంది. ఉప్పు రుచికి కంచె సందులోంచి కవరు లాగి నములుతోంది. కవరు కొస నోట్లోంచి వేలాడుతోంది.

సంఘం నడిపే టీచరమ్మ మమ్మల్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. “ఉరకకుండ్రి. బెదిరితే మింగేస్తది.”

కదలకుండా చూశాం. జింక కవరుతో సహా పొదల్లోకి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“నిండిన సంచులు ఆటోల ఎక్కియ్యిండ్రి,” అన్నాను.

“యాడికి?” అంది టీచరమ్మ.

“సరుకు వాపసు ఇయ్యనీకి.”

పొద్దున మొదటి బేరం కాకముందే సరుకు వాపసు తెచ్చేవాణ్ని మా నాన్న మెట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. అంతకన్నా అపశకునం లేదు మాకు. హాలు యజమానీ కొట్టు నడిపి పైకొచ్చినవాడే. ఆఫీసులో అగరొత్తులు వెలిగిస్తుండగా సంచులన్నీ గడప మీద దించాం.

“ఏందన్నా గిది! ఇంక బోణీ కాలే!”

“అందుకే పొద్దుగాల్నే వచ్చిన. నీ సరుకే, పేరు చూస్కో.”

“ఎంగిలి ప్లేట్లు గడప మీద పెడ్తవా? మనిషివేనా నువ్వు?”

“నువ్వు జింక నోట్ల పెట్టినవు. నేను గడప మీదనే పెట్టిన.”

అప్పుడే హాలు చూసుకోవడానికి పెళ్లివారి కారొకటి గేటు దగ్గర ఆగింది. అతని మొహం పాలిపోయింది.

“దండం పెడ్త, తీసెయ్యన్నా. ఏం గావాలె?”

“నీ ట్రాక్టరు మళ్ల కంచె దిక్కు రావొద్దు. ఆడ మిగిలిందంత ఇయ్యాల నువ్వే ఎత్తాలె.”

“పోరగాండ్లను పంపుత.”

“అట్లయితే సంచులు ఈడ్నే ఉంటయ్.”

వచ్చాడు. తెల్లచొక్కా మాసేదాకా ఎత్తాడు. కుప్ప అంతా తీశాక, మమ్మల్ని మంచి చేసుకోవాలనేమో, కారు డిక్కీ తెరిచాడు.

“మస్తు కష్టపడ్డరు. టిఫిన్ తినుండ్రి.”

ఇడ్లీలు. ఒక్కొక్కరికి ఒక్కో పాలిథిన్ కవరు, హాలు పేరుతో. చట్నీకి లోపల ఇంకో చిన్న కవరు.

ఊరికే ఇచ్చినదాన్ని నా బతుకులో వద్దన్నది అప్పుడే. ఆకలికి కడుపు మాడుతున్నా నోటికొచ్చినట్టు తిట్టాను. టీచరమ్మ అందరి చేతుల్లోని కవర్లూ తీసుకుని మళ్లీ డిక్కీలో పెట్టేసింది.

ట్రాక్టరు మళ్లీ కంచె వైపు రాలేదు. కడుపుతో ఉన్న ఆ జింక కూడా మాకు మళ్లీ కనబడలేదు. ఎక్కడైనా ఎదురైతే హాలు యజమాని నవ్వుతాడు. “ఇంక కోపం పోలేదా అన్నా?”

పోలేదు.