వడబోసే బట్టకు ఎర్రదారం

మొన్న మా మనవరాలి ఇంట్లో నీళ్ల మిషన్ బాగుచేసే అతను వచ్చి, లోపలి నుంచి దూదితో చేసిన గొట్టం లాంటిది ఒకటి తీశాడు. తెల్లనిది బురద రంగుకు తిరిగింది. అతను పారేయబోతుంటే ఆపి, నీళ్లు దీనికి ఏ పక్క నుంచి పోతాయి, ఏ పక్కకు వస్తాయి అని అడిగాను. చూపించాడు. తిప్పి పెడితే ఏమవుతుందన్నాను. "తిప్పి ఎవరు పెడ్తరు అవ్వా?" అని నవ్వాడు. పెట్టినదాన్ని నేనే.

నాందేడ్ దిక్కు కర్ఖేలి దగ్గర మా ఊళ్లో అప్పుడు అందరికీ మెట్లబావి నీళ్లే. మోకాలి లోతు దిగి బిందె ముంచుకునేవాళ్లం. ఊళ్లో నారికురుపు ఉండేది, మేము నారు అనేవాళ్లం. ఒక ఏడు తొలకరికి నా పెనిమిటి మడమ మీద బొబ్బ లేచి, పగిలి, తెల్లని దారంలా పురుగు తల బయటపెట్టింది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాలి. తెగితే కాలు వాస్తుంది. ఆయనకు ఓపిక తక్కువ, తెగింది. విత్తనాల కాలమంతా మంచంలోనే ఉన్నాడు, చేను బీడు పడింది. మరో ఏడు కూడా అట్లాగే అయితే చేను కౌలుకిచ్చి ఇద్దరం కూలికి పోవలసిందే.

తాలూకా నుంచి ఒక నర్సుబాయి వచ్చి మరాఠీలో చెప్పింది: కురుపు కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లలు నీళ్లలో పడతాయి, వాటిని నలకంత పురుగులు మింగుతాయి, వాటిని మనం తాగుతాం, ఏడాదికి అది నారై కాలులోంచి వస్తుంది. చెప్పి బస్సెక్కింది. మిగతాది మా ఆడవాళ్లం చేసుకున్నాం. మా కొట్టంలో కూర్చుని రెండు మాటలు ఖాయం చేశాం. ప్రతి ఇంట్లో నీళ్లు వడబోయాలి. కురుపు ఉన్నవాళ్లు బావిలోకి దిగొద్దు, పాళీ ప్రకారం, రోజుకొక ఇంటామె పై మెట్టు మీద కూర్చుని వాళ్ల బిందెలు ముంచి ఇవ్వాలి. మొదటి పాళీ మా యారాలిది, అంటే మా మరిది భార్యది. ఒక పెద్దమనిషి కుంటుకుంటూ వచ్చి తగువు పెట్టుకున్నాడు.

"మా తాత తవ్విన బాయి. నన్నే దిగొద్దంటవా?"

"బిందె ఇటియ్యి కాకా. నీ కాలు బాయిల వెడితే అది నా కడుపులకొస్తది."

యారాలు నాకన్నా చిన్నది, దెగ్లూర్‌లో ఏడో తరగతి దాకా చదివింది. నేను బడికి పోయింది రెండేళ్లే. వాళ్లన్న నాందేడ్‌లో గడియారాలు బాగుచేస్తాడు. ఆయన కంటికి పెట్టుకునే పాత అద్దం అడిగి తెచ్చింది. వడబోసిన బట్టను గ్లాసు నీళ్లలో జాడించి, ఎండకు పట్టి, నా కంటికి అద్దం పెట్టింది. ఉప్పు రవ్వంత తెల్లని పురుగులు, ఆగి ఆగి ఎగురుతున్నాయి. అన్నం పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. మా కుండలో నీళ్లు కూడా చూస్తానన్నాను. వాటిలో ఒక్కటి కూడా ఉండదని నా ధీమా. అందులోనూ ఎగిరాయి.

"అక్కా, నువ్వు వడవోస్తున్నవా లేదా?"

"రెండు పూటలా వోస్తున్న. నాతోని పరాచికాలా?"

"ఎట్ల వోస్తున్నవో జర చూపియ్యి."

చూపించాను. మంచి చీర మధ్యకు చింపి పెట్టిన ముక్క, ఊరికే పాడుచేసుకుంటానా? పొద్దున ఒక దిక్కు పైకి, మాపటికి రెండో దిక్కు పైకి. ఒక్క దిక్కే వాడితే తొందరగా అరుగుతుందని. వేసవిలో నీళ్లు దండగని జాడించేదాన్ని కూడా కాదు, తడిబట్టనే తిప్పి కట్టేదాన్ని.

యారాలు బట్టను నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పొద్దుగాల ఆపిన పురుగులను మాపటికి నువ్వే కుండల దింపుతున్నవ్ గదనే అక్కా."

రెండు నెలలుగా ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగాం. కడుపులోకి పోయినదాన్ని తీసే మందు లేదని నర్సుబాయి ముందే చెప్పింది. మరునాడు బావి దగ్గర అందరి ముందూ నా తప్పు చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నలుగురైదుగురు తలలు దించుకున్నారు. ఊరంతా నావంటి పొదుపుకత్తెలే. అక్కడే కూర్చుని, ప్రతి ఇంటి బట్టకూ ఒక పక్క ఎర్రదారంతో నాలుగు కుట్లు వేశాం. కుట్లు ఎప్పుడూ పైకే ఉండాలి, వడబోశాక బట్టను బావికి దూరంగా జాడించాలి.

ఆ ఏడాది పొడుగునా ఆయన చేను నుంచి రాగానే చెంబుతో నీళ్లు పోసి నేనే కాళ్లు కడిగేదాన్ని. "ఇంత మర్యాద ఎన్నడు లేదు, ఏం గావాలె నీకు?" అనేవాడు. నేను ఆయన మడమలు చూసుకునేదాన్ని. మళ్లీ తొలకరి పడింది. ఆయన కాళ్లు శుభ్రంగా ఉన్నాయి, గొర్రు కట్టి విత్తనానికి పోయాడు. బొబ్బ నా చీలమండ మీద లేచింది. కుండ అడుగు నీళ్లు పారబోయబుద్ధి కాక రోజూ తాగింది నేనే కదా. పుల్లకు చుట్టి ఇరవై రోజులు ఓపికగా లాగాను, తెగనివ్వలేదు. నా బిందె యారాలే ముంచి తెచ్చింది.

ఆ తరువాత కూడా ఎన్నో తొలకరులు ఇంట్లో అందరి కాళ్లూ వెతికాను. మా ఇంటికి నాకొచ్చిన నారే ఆఖరిది. చెడు మొదటిసారి వచ్చిన రోజు అందరికీ గుర్తుంటుంది. ఆఖరిసారి వచ్చి పోయినప్పుడు మాత్రం, అదే ఆఖరిదని కాలం చాలా ఏళ్లకు గానీ చెప్పదు.