నల్ల మీట ఒక్కటే

పన్నెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నెలకోసారి, సంఘంలో రొట్టె విరిచే ఆదివారం, అది కదులుతుంది. పళ్లెం మన వరుసకు వచ్చేలోగా ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే గుర్తు చేసుకోమని పాస్టరుగారు చెబుతారు. నాకు గుర్తు చేసుకోవలసిన పని లేదు. కళ్లు మూసుకుంటాను. ముక్క తీసుకుంటాను. మింగుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను తెలుగు మాస్టర్ని. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ఆరు, ఏడు తరగతులకు చెప్పేవాడిని. తొమ్మిది, పది తరగతులు సోమయాజులుగారివి. వేదం చదువుకున్న కుటుంబం ఆయనది. చదువంతా వాళ్ల నాన్నగారి నోట విని నేర్చుకున్నారు. బళ్లో పుస్తకం తెరవకుండానే పాఠం నడిపేవారు. సాయంత్రాలు ఇంటి అరుగు మీద నలుగురు పిల్లలకు, తను నేర్చుకున్న పద్ధతిలోనే, వేదం చెప్పేవారు.

నాదీ మంచి గొంతే. మా సంఘంలో పాట ఎత్తుకునేది నేనే, వాక్యం చదివేది నేనే. పదో తరగతికి పాఠం చెప్పే అవకాశం కోసం ఏడేళ్లుగా ఎదురు చూస్తున్నాను. కానీ నేను పాఠం చెప్పిన పిల్లలు కూడా కాలవ గట్టు మీద నడుస్తూ ఆయన పద్యాన్ని ఆయన రాగంలో అనుకరించేవారు. నా పాట ఒక్కరూ పాడలేదు. ఇది చిన్న విషయమే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చిన్నదైతే అన్నిసార్లు చెప్పుకోవడం ఎందుకు?

ఆ ఏడాది ఆయన గొంతు పోయింది. పొద్దున్న ఒక అరగంట బాగుండేది, తరవాత బొంగురుపోయేది. గట్టిగా మాట్లాడొద్దని అమలాపురంలో డాక్టరు చెప్పారు. యాభైమంది ఉన్న తరగతిలో గట్టిగా మాట్లాడకుండా ఏం చెబుతారు? ఇన్‌స్పెక్షన్‌లో పాఠం సరిగా లేకపోతే పదో తరగతి మీకిస్తానని హెడ్మాస్టరు నాతో అన్నారు. ఆయన్ని లైబ్రరీలో కూర్చోబెడతారట. అయ్యో పాపం అన్నాను. ఆ రోజు ఇంటికి నడుస్తూ పాట పాడుకున్నాను. స్తుతి కీర్తనే పాడుకున్నాను.

అప్పుడు ఆయనే నా దగ్గరికి వచ్చారు. మా సంఘానికి మిషనరీలు ఇచ్చిన టేప్ రికార్డరు ఒకటి ఉండేది, దాన్ని నడపడం నాకొక్కడికే వచ్చు. పొద్దున్నే, గొంతు బాగున్నప్పుడు, పద్యాలు అందులో పట్టి, తరగతిలో వినిపించి, అర్థం మాత్రం మెల్లగా చెబుతానన్నారు. రెండు వారాలు రోజూ పొద్దున్నే సైకిలు మీద మా మందిరానికి వచ్చి వరండాలో కూర్చున్నారు. చర్చికి ఎందుకని వాళ్ల వీధిలో ఎవరో అడిగారట. "పాఠానికి వెళ్తున్నానండీ, ప్రసాదానికి కాదు" అని చెప్పారట. తన గొంతు తను మొదటిసారి విన్నప్పుడు "ఎవరండీ ఈ ముసలాయన? ఫర్వాలేదు, చదువుతున్నాడు" అన్నారు.

నాకంటే పాతికేళ్లు పెద్ద. అయినా నన్ను గురువుగారూ అనేవారు. మొదట హాస్యానికి అనుకున్నాను. కాదు. నేర్పినవాడు ఏ వయసువాడైనా గురువేనట. నేను చెప్పింది కాగితం మీద రాసుకోమంటే రాసుకోలేదు. పద్యం పట్టాలంటే ఎర్ర మీటా నల్ల మీటా కలిపి నొక్కాలి; పట్టింది వినాలంటే నల్ల మీట ఒక్కటే. వినవలసినప్పుడు ఎర్రది కూడా నొక్కితే ఉన్న పద్యం చెరిగిపోతుంది. ఒక్కసారి విన్నారు, తిరిగి అప్పజెప్పారు, అంతే. వాళ్ల ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. పాఠం ఎంత బాగా వచ్చినా, పదిమందిలో చెప్పేటప్పుడు గురువు ఎదురుగా ఉంటే, మొదలుపెట్టే ముందు ఒకసారి ఆయన్ని అడిగి, ఆయన అవునన్నాకే మొదలుపెట్టాలి.

ఆ పొద్దుటి పూటలు నేను మరిచిపోలేదు. ఆయన కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకుంటే కొబ్బరిచెట్ల మీద కాకులు కూడా అడ్డు రాలేదనిపించేది. మీట దగ్గర వేలు పెట్టుకుని నేను వింటూ ఉండేవాడిని. ఈ గొంతుతో పాటే తప్పుకోవలసిన మనిషిని నా చేతులతో నేనే నిలబెడుతున్నాను. దేవుడు నాకు ఇచ్చిన పని ఇదేనా అని ఆయన మీద కాదు, దేవుడి మీద కోపం వచ్చింది. అసూయ గురించి మా ఆదివారపు బడి పిల్లలకు ఎన్ని పాఠాలు చెప్పానో. అది నాలోకి వచ్చినప్పుడు న్యాయం వేషంలో వచ్చింది. ఏడేళ్లు ఎదురు చూశావు కదా అంది.

ఇన్‌స్పెక్షన్ రోజు ఇన్‌స్పెక్టరుగారు వెనక బెంచీలో కూర్చున్నారు. మిషను మొరాయిస్తే చూడమని హెడ్మాస్టరు నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. సోమయాజులుగారు కొత్త పంచె కట్టుకుని వచ్చారు. టేపు పెట్టి, మూత వేసి, నా వైపు తిరిగి చేతులు జోడించారు.

"నల్ల మీట ఒక్కటే కదండీ, గురువుగారూ?"

ఆయనకు తెలుసు. ఆచారం కోసం అడిగారు. నేను ఆయ్ అంటే సరిపోయేది.

"కాదండీ. ఎర్రదీ నల్లదీ కలిపి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. అనుమానంతో కాదు. తను ఎక్కడ పొరపడ్డానా అని వెతుక్కున్నట్టు చూశారు. "ఆయ్, కలిపి నొక్కాలండీ" అని రెండూ నొక్కారు.

చక్రాలు తిరిగాయి. శబ్దం లేదు. "వస్తుందండీ" అన్నారు పిల్లలతో. కాసేపాగి మళ్లీ అన్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గుమ్మం నుంచి మిషను నాలుగడుగులు. నాలుగడుగులు వేస్తే సగం పద్యాలైనా మిగిలేవి. నేను వెయ్యలేదు. "మీరే ఒకటి చదవండి మాస్టారూ" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, మర్యాదగానే. ఆయన చదివారు. రెండో పాదంలో గొంతు విరిగిపోయింది.

తరవాత స్టాఫ్ రూములో ఒక్కడినే టేపు పెట్టి విన్నాను. పద్యాలు లేవు. పిల్లల నవ్వు ఉంది, ఆ విరిగిన గొంతు ఉంది, అంతకు ముందు "వస్తుందండీ" ఉంది. అది కూడా నేనే చెరిపేశాను.

సాయంత్రం ఆయన నా దగ్గరికి వచ్చారు. నిలదీస్తారనుకున్నాను. "వినడానికి అని అడగబోయి పట్టడానికి అని అడిగేనేమోనండీ. మీరు దానికి సరిగ్గానే చెప్పేరు. నాదే మతి తప్పింది" అన్నారు.

"అయి ఉండొచ్చండీ" అన్నాను.

ఈ మాట మొదటి మాట కంటే పెద్ద పాపమని ఇప్పుడనిపిస్తుంది. మొదటిది అసూయ నా చేత అనిపించింది. రెండోది నేను తీరిగ్గా ఆలోచించి అన్నాను.

జూన్‌లో పదో తరగతి నాకు వచ్చింది. అంతవరకే అయితే ఈపాటికి దాన్ని ఎలాగో సర్దుకుని ఉండేవాడినేమో. కానీ ఆయన అరుగు మీద పాఠం కూడా మానేశారని విన్నాను. ఒకరోజు, పాస్టరుగారి ప్రసంగంలో ఏదో మాట తగిలి, ఈసారి చెప్పేద్దామని వాళ్ల ఇంటికి వెళ్లాను. కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చారు. పిల్లలు ఏరండీ అని అడిగాను.

"పంపించేసేనండీ. రెండు మీటల సంగతి గుర్తు పెట్టుకోలేనివాణ్ణి, మా నాన్నగారు చెప్పింది సరిగ్గా గుర్తుందని ఏమిటి నమ్మకం? తప్పు నేర్పితే వాళ్లు మరో నలుగురికి తప్పే నేర్పుతారు. నాతో ఆగిపోతే మంచిది."

నా దగ్గర ఒక్క వాక్యం ఉంది. అది చెబితే నా ఉద్యోగం పోయేది కాదు. మహా అయితే ఆయన ముందు, ఊరి ముందు, సంఘం ముందు తల వంచుకోవాలి. ఆయనకు మాత్రం తన మతి తనకు తిరిగి వచ్చేది, నలుగురు పిల్లలు మళ్లీ అరుగెక్కేవారు. బొండం తాగాను. "నాకు మిషను నేర్పడానికి ఎంత శ్రమ పడ్డారండీ" అంటూ ఆయన గేటుదాకా వచ్చి సాగనంపారు. తరవాతి వానాకాలంలో పోయారు. ఆ పిల్లల్లో ఇద్దరు హైదరాబాదులో గుమాస్తాలని విన్నాను. వాళ్లు మధ్యలో ఆపేసింది మళ్లీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

సంఘంలో నేను చాలాసార్లు సాక్ష్యం చెప్పాను. నా కోపం గురించి చెప్పాను, ప్రార్థన మానేసిన రోజుల గురించి చెప్పాను. విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. సులువుగా చెప్పగలిగినవి ఏరుకుని చెప్పాను. దేవుడు క్షమించాడా అని మీరు అడగవచ్చు. అడిగే ధైర్యం నాకు రాలేదు. క్షమించవలసిన మనిషి దగ్గర నోరు విప్పనివాడు దేవుణ్ణి ఏ ముఖంతో అడుగుతాడు?

సోమయాజులుగారి జ్ఞాపకం తప్పలేదు. నేను అబద్ధం చెప్పాను. ఇంతే. కాగితం మీద చూస్తే ఎంత చిన్నగా ఉందో. ఇవాళ ఇది రాశాక ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. దాన్ని క్షమాపణ అనుకోను.